కంకి చూడని కొడవలి

జనవరి ఆఖరి వారం,
మంచు కొండ, గడ్డి పరిశోధనా కేంద్రం హాస్టలు.

నలభై గొర్రెలకూ, ఒక బోరు మోటారుకూ, మా అమ్మ కదిరమ్మకూ తానే యజమానినని నమ్మే మా నాయన పుల్లన్నకు, చిన్న కూతురు చౌడేశ్వరి రెండు చేతులూ, వాటి మీదున్న రెండు జతల ఉన్ని తొడుగులూ జోడించి నమస్కరించి రాయునది.

ఇక్కడ నేను క్షేమం. నా ముక్కు మాత్రం మూడు నెలలుగా క్షేమం కాదు. కొళాయి కట్టేస్తే ఆగుతుంది, ఇది ఆగదు. అక్కడ నువ్వూ, అమ్మా, రాయదుర్గంలో ప్యాంట్లు కుట్టుకుంటున్న నీ కొడుకు జయరామన్నా, నేను పాలపీకతో పెంచిన బొల్లీ, దానితో పాటున్న ముప్పై తొమ్మిది గొర్రెలూ క్షేమమని తలుస్తాను అని రాయడం మర్యాద. కానీ నీ ఉత్తరం చదివాక ఆ మర్యాద చేయి దాకా రావడం లేదు. కోపం వస్తోంది. ఈ ఉత్తరం మొత్తం కోపంగా రాస్తున్నాను. మధ్యలో ఎక్కడైనా నవ్వొస్తే అది చలికి వణికిన కలం తప్పుగా భావించు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. ఇక్కడ అన్నం దొరుకుతుందా అని అడిగావు. దొరుకుతుంది. ఎర్ర గింజల పులుసు ఒకటి రోజూ దాని మీద పోస్తారు. సంగటి లేదు. అమ్మ కట్టిచ్చిన రాగిపిండి ఉంది కానీ, ఈ హాస్టలు పొయ్యి మీద నీళ్లు మరిగేలోపు నాకు ఆకలి పోయి నిద్ర వస్తుంది. ఇంత చలిలో ఇక్కడి గొర్రెలు ఎట్లా బతుకుతున్నాయని అడిగావు. మన దగ్గర కాపరి కంబళి కప్పుకుంటాడు. ఇక్కడ గొర్రె కంబళిగానే పుడుతుంది. చలికాలమంతా ఇంటి కింద దొడ్లో కూర్చుని, ఎండాకాలంలో కోసి ఎండబెట్టిన గడ్డి నములుతూ, నావంటి వాళ్లు మంచులో జారిపడుతుంటే చూసి కాలక్షేపం చేస్తుంది.

ఇక మూడో ప్రశ్న. దాన్ని నీ మాటల్లోనే మళ్లీ రాస్తున్నాను. నా కోపానికి కారణమేమిటో కాగితం మీద ఉండాలి.

"ఏమ్మే, గడ్డి చదువు చదివితివి కదా. బోరు కింద అర ఎకరంలో రై గడ్డి మోకాలెత్తు నిలబడుండాది. కంకి మాత్రం తీయల్యా. కొడవలి ఎట్ల పెట్టేది? కొండ మీద మేత మాడిపాయ. శెనక్కాయ కట్టె అయిపోవచ్చె. శివరాత్రి దాటినాక అమాస దాకా చూస్తా. అప్పటికీ కంకి రాకుంటే పదైదు గొర్రెల్ని సంతకి తోలుతా. అన్నీ కడుపుతో ఉండేటివే. బొల్లి కూడా పోతాది. ఎందుకు తీయలేదో చెప్పు."

నాయనా, మేత లేక గొర్రెలను అమ్ముకునే వాళ్లను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. మన కొండలున్నంత కాలం ఆ కష్టం మనకు కొత్త కాదు. కానీ కంచె లోపల మోకాలెత్తు పచ్చి మేత పెట్టుకుని, కంచె బయట ఎముకలు తేలిన గొర్రెలను నిలబెట్టుకుని, మేత లేదని సంతకు తోలే మనిషిని నేను వినలేదు, కనలేదు. అటువంటి మనిషికే నేను పుట్టాను.

మొన్న అమ్మ ఫోన్లో ఏమందో తెలుసా? "మీ నాయన తెల్లారి లేస్తానే చేనుకాడికి పోతాండాడు. ఒక్కొక్క మొదలూ పట్టుకోని ఒత్తి ఒత్తి చూస్తాడు, లోపల పొట్ట పడిందేమో అని. డాక్టరమ్మ గూడా అంత చూడదు." పక్క చేను రంగన్న కంచె మీద మోచేతులు ఆనించి, "ఏం పుల్లన్నా, గొర్రెల్ని మాడ్చి గడ్డికి కాపలా కాసేవాణ్ని నిన్నే చూసినా. నాకియ్యప్పా, నా బర్రెలు కంకీ గింకీ అడగవు" అన్నాడట. నువ్వు ఏమన్నావో కూడా అమ్మ చెప్పింది. "ముద్ద నోట్లో పెట్టుకునేకి ముందు దేవునికి చూపీవా? చూపనోని ఇంట్లో పుట్టిన బర్రెలకి ఏం తెలుస్తాదిలే" అన్నావట. మాట బాగుంది. నవ్వాను కూడా. తర్వాత బొల్లి గుర్తొచ్చి నవ్వు ఆపేశాను.

నీ పద్ధతి నాకు తెలియదా? కొర్ర చేలో మొదటి కంకి కనబడాలి. మూడు కంకులు తుంచి, పసుపు దారం చుట్టి, గడప మీద కట్టాలి. అమ్మ బెల్లం ముక్క పెట్టి దండం పెట్టాలి. అప్పటిదాకా కొడవలి చూరులోనే ఉండాలి. కంకి చూపని చేను ఇంకా మనది కాదు, భూమిది అని నీకు మీ నాయన చెప్పాడు. మొదటి కంకి చూసేది ఎప్పుడూ నేనే. చేను గట్టు మీద నుంచి "కంకి వచ్చింది నాయనా!" అని ఊరంతా వినబడేలా అరుచుకుంటూ ఇంటికి పరుగెత్తేదాన్ని. నువ్వు పిడికెడు బెల్లం పెట్టేవాడివి. ఒక ఏడాది బెల్లం కోసం కంకి రాకముందే అరిచాను. గట్టు దాకా వచ్చి చూసి, వెనక్కి పోయావు. ఆ రోజు బెల్లం లేదు. ఆ తర్వాత నేనెప్పుడూ ముందుగా అరవలేదు.

కానీ అది కొర్రకు, నాయనా. జొన్నకు. గింజ తినే పంటకు. కొండ గడ్డి కోసేటప్పుడు ఎప్పుడైనా కంకి కోసం ఆగావా? మరి ఈ గడ్డికి ఈ మర్యాదంతా ఎందుకని ఫోన్లో అడిగాను. నువ్వేమన్నావు?

"నువ్వే కదమ్మే చెప్పింది. కొర్ర గడ్డే, జొన్న గడ్డే, వరి గడ్డే, అన్నీ ఒకే ఇంటివి అని. ఒకే ఇంటివైతే ఒకే మర్యాద. కొండ గడ్డి దానంతట అది పుట్టింది, నేను విత్తనం ఎయ్యల్యా. దీనికి నా చేత్తో విత్తనం ఏసినా."

రెండేళ్ల కింద సెలవులకు వచ్చి, కాలు మీద కాలేసుకుని మంచం మీద కూర్చుని, ఆ పాఠం చెప్పిన పండితురాలిని నేనే. అప్పుడు నువ్వు తల కూడా ఎత్తలేదు. గొర్రె గిట్టలో ముల్లు తీస్తున్నావు. వినలేదనుకున్నాను. నా చదువులో నువ్వు నమ్మిన ఒకే ఒక్క ముక్క అదే అయింది. అది కూడా నా నెత్తికే వచ్చింది.

"ఈ గడ్డి మన ఊళ్లో కంకి తీయదు నాయనా, అట్లే కొయ్యి" అన్నాను.

"ఎందుకు తీయదు?"

"చలి చాలదు."

"ఈ పొద్దు తెల్లారి నాకు పళ్లు కొట్టుకున్యాయి. ఇంకెంత చలి కావల్ల దానికి?"

"మంచు పడే చలి."

"సరే, పెట్టెయ్. గొర్రెలు అరుస్తాండాయి."

అందుకే ఇప్పుడు కాగితం మీద రాస్తున్నాను. కాగితాన్ని "పెట్టెయ్" అనడం కుదరదు. అమ్మకు వినబడేలా పైకి చదువు.

మనుషులనే జాతి ఇంకా లేని కాలం అది. భూమి ఇప్పటికంటే చాలా వెచ్చగా ఉండేది. గడ్డి జాతుల పూర్వీకులు వెచ్చని నేలల్లో, అడవి నీడల్లో బతికేవి. వెచ్చదనానికి కొదవ లేదు కాబట్టి చలికాలం కోసం ఏ జాగ్రత్తా పడేవి కావు. ఆ తర్వాత భూమి చల్లబడటం మొదలుపెట్టింది. ఒక్క ఏడాదిలో కాదు, మన లెక్కకు అందనన్ని ఏళ్లలో. ఉత్తరాన చలికాలం అనే కొత్త శత్రువు వచ్చింది. అది ప్రతి ఏడాదీ వస్తుంది, వచ్చినప్పుడల్లా పువ్వును చంపుతుంది.

ఇప్పుడు గడ్డికి వచ్చిన కష్టం చూడు. వానలైపోయి, చలి మొదలవక ముందు, నాలుగు రోజులు ఎండ హాయిగా కాస్తుంది. అది చూసి మోసపోయి పూత తీసిన మొక్కల పూత మంచుకు మాడిపోయింది. గింజ పడలేదు, వంశం నిలవలేదు. "ఉండు, చూద్దాం" అని ఓపిక పట్టిన మొక్కలు చలి దాటాక పూసి, గింజ రాల్చాయి. వాటి పిల్లల్లో ఇంకా ఓపికున్నవి మిగిలాయి. అట్లా కోట్ల ఏళ్లు జల్లెడ పట్టగా మిగిలిన గడ్డికి ఒక నమ్మకం ఒంట్లోకి ఎక్కింది. చలి తర్వాత వచ్చే వెచ్చదనమే నిజం, చలి చూడకముందు వచ్చేది మోసం. వారాల తరబడి ఎముకలు కొరికే చలి తిన్నాకే అది లోపల పొట్ట పోసుకునే ఆలోచన చేస్తుంది. అప్పుడైనా వెంటనే కంకి తీయదు. పగళ్లు బాగా సాగేదాకా మళ్లీ ఆగుతుంది. ఒక తలుపుకు రెండు తాళాలు వేసుకుంది. ఈ ఓపిక గడ్డి వంశంలో ఒక్కసారే పుట్టిందా, వేరువేరు శాఖల్లో వేరువేరుగా పుట్టిందా అని మా వాళ్లు ఇంకా కొట్లాడుకుంటున్నారు. వాళ్ల కొట్లాట తేలేదాకా బొల్లిని ఆకలితో ఉంచలేం.

మన కొర్రది వేరే దారి. అది పగలు కురచవడం చూసి కంకి తీస్తుంది. ఇది నీకు నేను చెప్పేదేముంది? ఒక ఏడు వాన రాక, రంగన్న కంటే నెల వెనక కొర్ర వేశావు. అయినా రెండు చేలూ అటూ ఇటూగా ఒకే వారంలో కంకి తీశాయి. మనది మోకాలెత్తు కూడా పెరగలేదు, అయినా తీసింది. "దానికి రోజులు తెలుసు" అన్నావు. ఆ ఒక్క మాటనే ఇక్కడ నాకు పాఠం చెప్పే పెద్ద మేడం నలభై పేజీలు రాసింది. బొమ్మలతో సహా.

కాబట్టి నీ చేలో గడ్డి గొడ్డుది కాదు, దానికి దిష్టి తగల్లేదు, రంగన్న కళ్లు పడలేదు. రంగన్న కళ్లకు అంత శక్తి ఉంటే ఆయన బోరులో నీళ్లు పడేవి. మన ఊరి జనవరి మధ్యాహ్నాన్ని చూసి ఆ గడ్డి ఇంకా చలికాలం రాలేదనే అనుకుంటోంది. వస్తుందని కూర్చుంది. నల్లమాడ పక్కన మన ఊరికి మంచు వస్తుందని దాని నమ్మకం. నేను మేడంకు ఈ సంగతి చెబితే, "మీ ఊళ్లో ఐదు డిగ్రీలకు కిందికి ఎన్ని రోజులు పోతుంది?" అని అడిగింది. మా ఊళ్లో ఐదు అంటే పాల వ్యాను వచ్చే టైము మేడం, చలి కాదు అన్నాను.

అది చలి చూడనిదే కంకి తీయదు. నువ్వు కంకి చూడనిదే కొడవలి తీయవు. మధ్యలో బొల్లి. నెల తిరిగితే మన ఎండలు మొదలవుతాయి. ఈ గడ్డి మన చైత్రాన్ని తట్టుకోదు, నిలబడ్డది నిలబడ్డట్టే ఎండిపోతుంది. అప్పటికి గొర్రెలూ ఉండవు, గడ్డీ ఉండదు. కంచె మాత్రం గట్టిగా ఉంటుంది.

ఇక అసలు నేరస్తుల దగ్గరికి వస్తాను. నల్లమాడలో విత్తనాల అంగడి పెట్టుకున్న గంగాధర్, "ఊరికే వచ్చింది పుల్లన్న మామా, చల్లి చూడు" అని ఐదు కిలోలు నీ చేతిలో పెట్టాడని రాశావు. ఆ సంచి ఆ అంగడి దాకా పంపిన మహానుభావులు ఎవరోగాని, వాళ్లను ఏమనాలి? అనంతపురం నేల ఎక్కడుందో, మంచు కొండ ఎక్కడుందో తెలియదా? తీసుకునే మనిషి ఎట్లాంటివాడు, ఆయన ఇంట్లో చేను ఎట్లా కోస్తారు, మొదటి కంకి ఎక్కడ కడతారు అని ఒక్క మాట ఆలోచించారా? విత్తనం మొలక శాతం చూశారట, తేమ శాతం చూశారట. మనిషి శాతం చూడలేదు. పుస్తకంలో ఉన్నదంతా నెత్తిలో ఎక్కించుకుని, ఇంట్లో ఉన్నదంతా దించేసుకున్న ఇట్లాంటి చదువరులను నడి సంతలో నిలబెట్టి, నలభై గొర్రెలతో ఒకేసారి అరిపించాలి.

నాయనా, ఇక్కడిదాకా రాసి టీ తాగి వచ్చాను. ఒకటి కాదు, మూడు. ఇక వాయిదా వేయడానికి టీ లేదు.

ఆ మహానుభావులెవరో నాకు తెలుసు. వాళ్ల ముక్కు మూడు నెలలుగా కారుతోంది.

విత్తనం నేనే పంపాను. మేడంను అడిగి, కేంద్రంలో మిగిలిన విత్తనం తీసుకుని, పార్సిలు కట్టి గంగాధర్‌కు పంపాను. వాడు నాతో డిగ్రీ చదివినవాడే. నా పేరు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. ఎందుకంటే, నేను బయలుదేరిన రోజు నల్లమాడ బస్టాండులో, నా సంచి బస్సు ఎక్కిస్తూ నువ్వొక మాట అన్నావు. "గడ్డి గురించి చదవనీకి అంత దూరం పోవల్నా? మన కొండ మీద ల్యాదా గడ్డి?" కండక్టరు నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే మనసులో పెట్టుకున్నాను. ఈ గడ్డి తిని గొర్రెలు బలిసి, నువ్వు రంగన్న ముందు "ఏం గడ్డప్పా ఇది!" అన్న రోజున, "అది నాది నాయనా" అని ఫోన్లో చెప్పాలనుకున్నాను. ఆ ఒక్క వాక్యం కోసం ఇంత పని.

కంకి రాదని నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా లేదు. పరీక్షలో దాని మీదే పది మార్కుల ప్రశ్నకు తొమ్మిది తెచ్చుకున్నాను. కంకి రాకపోవడమే మంచిదనుకున్నాను. కంకి తీసిన గడ్డి కాడ గట్టిపడుతుంది, ఇది ఆకుగానే మెత్తగా ఉంటుంది, గొర్రెలు ఇష్టంగా తింటాయి. అది నిజం కూడా. నీ చేలో ఇప్పుడున్నది గొర్రె తినదగిన మేతల్లో మంచి మేత. అన్నీ సరిగ్గా లెక్కపెట్టాను. నిన్ను మరిచిపోయాను. ఏడాదికొకసారి నా చేత్తోనే గడపకు కంకి కట్టినదాన్ని, ఆ గడప లోపల ఎవరుంటారో మరిచిపోయాను. గడ్డి కోట్ల ఏళ్ల కిందటి చలిని మరిచిపోలేదు. నేను రెండేళ్లకే ఇల్లు మరిచాను.

గంగాధర్ పోయిన వారం ఫోన్ చేశాడు. "ఏమ్మే చౌడేశ్వరీ, మీ నాయన మల్లా వచ్చినాడు. అంగట్లో నలుగురు ఉండంగా, కంకి తీయని విత్తనం అంటగడ్తివి కదరా, నీ అంగడికి తాళమెయ్ అన్యాడు. వారానికొక తూరి వస్తాండాడు. నేను నోరు తెరవల్యా. ఇంగ నా వల్ల కాదు, నువ్వు చెప్తావా, నేను చెప్పేదా?" అన్నాడు. వాడి తప్పు ఒక్కటే, నా మాట నిలబెట్టడం. నువ్వు నల్లమాడ పోయినప్పుడు వాడి అంగట్లో, ఆ నలుగురూ ఉన్నప్పుడే, వాడి చేత టీ తెప్పించుకుని తాగు. క్షమించమని నువ్వు అడగవు, నాకు తెలుసు. టీ తాగితే వాడికి అర్థమవుతుంది. తిట్లు మిగిలితే నాకు పంపు. ఇక్కడ చలికి పనికొస్తాయి.

ఇప్పుడు కవరు తలకిందులు చేసి, అరచేతిలో దులుపు. మెల్లగా.

అది రై గడ్డి కంకి. పోయిన ఎండాకాలం ఇక్కడి మడిలో, మంచు కరిగి పగళ్లు సాగాక వచ్చింది. ఏదో ఒక రై గడ్డిది కాదు. ఏ మడిలో గింజలు దులిపి నీకు పంపానో ఆ మడిదే. గింజల గదిలో గుర్తు కోసం కట్టిపెట్టిన కట్టలోంచి మేడంను అడిగి మూడు తీసుకున్నాను. నీ చేలో నిలబడ్డ గడ్డికి ఇది తల్లి కంకి. చేను కంకి చూపాలని కదా నీ మాట? ఈ చేను మంచు పడే ఊళ్లో పుట్టింది, అక్కడే చూపింది. నేను చూశాను. ఈసారి బెల్లం కోసం ముందుగా అరవడం లేదు. ముట్టుకుని చూడు, పొట్టులో ఇంకా రెండు గింజలున్నాయి.

మూడింటికీ కలిపి చుట్టిన దారం జయరామన్న కుట్టి ఇచ్చిన జీన్స్ ప్యాంటు అంచుది. ఆ దారం ముందే పసుపు రంగులో ఉంటుంది. అయినా నువ్వు అడుగుతావని మెస్సులో పసుపు అడిగి తడిపాను. వంటాయన నాకు దెబ్బ తగిలిందనుకుని గుడ్డ కూడా ఇచ్చాడు.

గడప మీద కట్టు. అమ్మను బెల్లం పెట్టమను. మొదటి మోపు చిన్నదిగా వెయ్యి. మాడిన కడుపులోకి పచ్చి మేత ఒక్కసారిగా పోతే ఉబ్బుతుందని నీకు నేను చెప్పకూడదు, చెబుతున్నాను. రెండు మూడు రోజులు ఎండు శెనక్కాయ కట్టెతో కలిపి వెయ్యి. అడుగంటా కోయకు, నాలుగు వేళ్లు వదిలితే మళ్లీ చిగురిస్తుంది. బొల్లికి వేసేటప్పుడు నా పేరు చెప్పు. చెప్పకపోయినా సరే, ముందు వెయ్యి. సంతకు పోయే దారిని ఈ అమావాస్యకు రంగన్నకు వదిలెయ్యి.

గట్టు మీద నిలబడి అరవడానికి ఈసారి నేను లేను. అందుకని ఇక్కడే, మంచులో, కిటికీ తెరిచి అరిచాను. పక్క గది పిల్ల బయటికొచ్చి ఏమైందని అడిగింది. ఏమీ లేదు, ఇంటికి చెబుతున్నానన్నాను.

కంకి వచ్చింది నాయనా. కొడవలి తియ్యి.

ఇట్లు,
బెల్లం కోసం చేయి చాచి నిలబడిన
నీ చిన్న కూతురు
చౌడేశ్వరి